ముచ్చట కోసం

ఆ ఆదివారం వేదవతి పొద్దున్నుంచీ సర్వపిండి చేస్తూనే ఉంది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానబెట్టిన శనగపప్పు కలిపి, గిన్నె లోపల పల్చగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, నూనె చుక్కలు వేసి సన్నటి మంట మీద కాల్చింది. ఒక్కొక్కటి దిగడానికి పావుగంట పట్టేది. పన్నెండు పూర్తయ్యేసరికి నడుము పట్టేసింది.

అశోక్‌నగర్‌లోని ఆ అపార్ట్‌మెంట్‌కు ఆమె కిరాయికి వచ్చి ఆరు నెలలైంది. అందులో ఉన్నవి మొత్తం ఎనిమిది ఇళ్లు. శనివారం సాయంత్రమే మిగతా ఏడు ఇళ్లకూ వెళ్లి, "రేపు నాలుగింటికి చాయ్‌కి మా ఇంటికి రండ్రి" అని పిలిచి వచ్చింది. అందరూ నవ్వుతూనే "అట్లనే టీచర్ గారూ" అన్నారు.

నాలుగైంది. నాలుగున్నర అయింది. ఐదింటికి వెళ్లి ఎదురింటి తలుపు తట్టింది. స్వరూప గొలుసు తీయకుండానే తలుపు నాలుగంగుళాలు తెరిచింది. లోపల టీవీలో సినిమా నడుస్తోంది.

"అయ్యో టీచర్ గారూ, మతికే లేదు! పిక్చర్ చూస్తున్నం."

"అయినంక రా స్వరూపా. నేను ఇంట్లనే ఉంట."

"అయినంక ఈయన దోస్తులు వస్తరంట. ఇంకోసారి వస్త తీయండ్రి. ఏమనుకోకండ్రి."

పై అంతస్తులో ఒకామెకు తలనొప్పి. ఇంకో ఇంటికి తాళం. మూడో ఇంటాయన బనీను మీదే వచ్చి, "మా ఇంట్ల చాయ్ తాగరమ్మా" అని తలుపేసుకున్నాడు. వేదవతికి ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. పళ్లెం చేతబట్టుకుని మెట్లు దిగిపోయింది.

కింద మెట్ల పక్క గదిలో వాచ్‌మన్ మొగిలయ్య భార్య కురుమమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. వాళ్లది పాలమూరు దిక్కు. వానలు లేక వ్యవసాయం వదిలేసి వచ్చినవాళ్లు.

"ఏంది టీచరమ్మా, గిన్ని చేసినవ్? ఏం పండుగ?"

"పండుగ లేదు ఏం లేదు. తిను."

కురుమమ్మ ఒకటి కొరికి, "ఉప్పు జర తక్కువైంది గని, మంచిగున్నది" అంది. అని ఊరుకోలేదు. పక్క జాగాలో కడుతున్న బిల్డింగ్ దగ్గర తట్టలు మోసే ఆశమ్మను కేకేసి పిలిచింది. ముగ్గురూ మెట్ల మీద కూర్చుని ఏడు తిన్నారు. ఆశమ్మ మేస్త్రీ నడక ఎలా ఉంటుందో లేచి చూపించింది. వేదవతి కడుపు పట్టుకుని నవ్వింది. అంత నవ్వి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తు లేదు.

వేదవతికి నలభై రెండేళ్లు. పెళ్లి చేసుకోలేదు. నారాయణగూడలో ఒక ట్యుటోరియల్ కాలేజీలో పదిహేనేళ్లు లెక్కలు చెప్పింది. తొంభై రెండులో పేపర్లో ప్రకటన చూసి దరఖాస్తు పెడితే మాల్దీవుల్లో ఒక స్కూల్లో ఉద్యోగం వచ్చింది. ఆ చివరి నుంచి ఈ చివరికి నడిస్తే పావుగంటలో అయిపోయే దీవి అది. దిగిన రోజు చుట్టూ నీళ్లు చూసి, ఇక్కడ పిచ్చెక్కి చస్తానేమో అనుకుంది. వారం తిరక్కుండానే ఒంటరిగా ఉందామన్నా వీలులేని పరిస్థితి వచ్చింది. అక్కడ ప్రతి ఇంటి ముందూ కర్రల చట్రానికి తాళ్లు అల్లిన కుర్చీలు వరుసగా ఉండేవి. సాయంత్రమైతే దారిన పోయేవాళ్లు ఎవరైనా వచ్చి వాటిలో వాలిపోయేవారు. ఒకరోజు ఆమె కనబడకపోతే మరునాడు నలుగురు నిలదీసేవారు. పక్కింటి షరీఫా, చేప వేయని కొబ్బరి రొట్టె టీచర్ కోసమని విడిగా చేసి తెచ్చేది. నీకు మొగుడెందుకు లేడని మొదటి రోజే మొహం మీద అడిగింది. జవాబు విని తలూపి, రెండో రోజు నుంచి ఆ సంగతి వదిలేసింది.

అన్న రామచంద్రరావు నెలకో ఉత్తరం రాసేవాడు. "అందరం ఇక్కడ ఉండగా నువ్వొక్కదానివి సముద్రం నడుమ ఏం చేస్తావు? వయసు మీద పడుతోంది. మనవాళ్ల మధ్య ఉండాలి" అని. చదివి చదివి ఆమెకూ అదే నిజమనిపించింది. కాంట్రాక్టు పొడిగించుకోకుండా తొంభై అయిదు ఫిబ్రవరిలో వచ్చేసింది. పాత ఉద్యోగమే దొరికింది. గాంధీనగర్‌లోని అన్న ఇంటికి ఆటోలో పది నిమిషాలే అని అశోక్‌నగర్‌లో ఇల్లు తీసుకుంది.

ఆరు నెలల్లో అన్న రెండుసార్లు వచ్చాడు. ఒకసారి గ్యాస్ కనెక్షన్ కాగితాల కోసం, ఇంకోసారి ఊరి భూమి విషయంలో సంతకం కోసం.

చిన్నప్పుడు వాళ్లు చిక్కడపల్లిలో పోర్షన్ల ఇంట్లో ఉండేవారు. ఆరు కుటుంబాలకు ఒకటే నల్లా. పొద్దున బిందెల దగ్గర తిట్టుకున్నవాళ్లే సాయంత్రం ఒకే చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేవారు. ఆ ఇల్లు కూలగొట్టి అయిదంతస్తులు లేపారు. ఇప్పుడు ప్రతి ఇంట్లో నల్లా ఉంది, టీవీ ఉంది, కేబుల్ ఉంది. రోడ్డు మీద పోటీ పరీక్షలకు చదివే పిల్లలు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని బట్టీ పడుతూ నడుస్తారు. వేదవతి ఉండే అపార్ట్‌మెంట్‌లో మనుషులు ఒకరి మొహం ఒకరు చూసేది కరెంటు పోయినప్పుడే. అందరూ బాల్కనీల్లోకి వచ్చి ఉక్కపోత గురించి రెండు మాటలు మాట్లాడతారు. వేదవతి మూడో మాట అందుకునేలోపు కరెంటు వస్తుంది. 'ఏ' అని ఒక్క అరుపు అరిచి అందరూ లోపలికి మాయమవుతారు.

ఆగస్టులో శ్రావణ శుక్రవారం నాడు మెట్ల మీద గాజుల చప్పుడు విని వేదవతి తలుపు తీసింది. స్వరూప పట్టుచీర కట్టుకుని, కుంకుమ భరిణె, శనగల పళ్లెం పట్టుకుని పై ఇళ్లకు పోతోంది. ఆమెను చూసి తత్తరపడింది.

"మీకు ఇద్దామంటే... ముత్తైదువలకే ఇస్తరు గద టీచర్ గారూ. తప్పుగ అనుకోకండ్రి."

"వాయనం వద్దు స్వరూపా. మీ ఇంటినిండ మంది ఉన్నరు గద, ఊరికె వచ్చి కూసుంట."

"అందరు పూజకొచ్చినోళ్లే ఉన్నరు," అని స్వరూప గబగబా మెట్లెక్కింది.

ఇక వేదవతి ఎవరినీ పిలవలేదు. కాలేజీ నుంచి వచ్చి, చీర మార్చుకుని, తన ఇంట్లోని రెండు ప్లాస్టిక్ కుర్చీలు తీసుకుని కిందికి దిగేది. పార్కింగ్‌లో గేటు పక్కన వేసుకుని కూర్చునేది. కురుమమ్మ మాత్రం కుర్చీలో కూర్చోకుండా మెట్టు మీదే కూర్చునేది. పని అయ్యాక ఆశమ్మ వచ్చేది, ఒక్కోసారి ఆమెతో ఇంకో ఇద్దరు వచ్చేవారు. ఏ ఊరి బస్సు ఎక్కడ ఆగుతుంది, ఎవరి ఆడబిడ్డ ఎవరితో మాట్లాడట్లేదు, వంకాయలు నారాయణగూడ మార్కెట్లో అగ్గువనా చిక్కడపల్లిలోనా అనేవే మాటలు. ఆ గంట కోసమే వేదవతి మిగతా రోజంతా గడిపేది.

అక్టోబరులో మెట్ల గోడ మీద టైపు చేసిన కాగితం అంటించారు. పార్కింగ్ స్థలంలో బయటి వ్యక్తులు గుమిగూడరాదు, నివాసులు సహకరించగలరు అని. కింద కార్యదర్శి భానుప్రకాశ్ సంతకం. భానుప్రకాశ్ స్వరూప భర్త, బ్యాంకు ఉద్యోగి. వేదవతి ఆ కాగితం చదివి అటే ఎదురింటికి వెళ్లింది.

"బయటి వ్యక్తులంటె ఎవరు భానుప్రకాశ్ గారూ?"

"మీ గురించి కాదు మేడం. ఆ కూలోళ్ల గురించి. ఇయ్యాల ముగ్గురొస్తరు, రేపు పదిమందొస్తరు. సెక్యూరిటీ చూసుకోవాలె గద."

"రెండు ముచ్చట్లు పెట్టుకుంటె సెక్యూరిటీకి ఏమైతది?"

"ముచ్చట్లు మీ ఇంట్ల పెట్టుకోండ్రి. ఎవరొద్దన్నరు?"

"ఇంటికి పిలిస్తె మీరెవ్వరు రాలేదు గద."

భానుప్రకాశ్ భార్య వైపు చూశాడు. స్వరూప టీవీ గొంతు తగ్గించింది. ఆయన ఓపిగ్గా, బ్యాంకులో ముసలివాళ్లకు ఫారం నింపడం నేర్పినట్టుగా చెప్పాడు. "మేడం, మీరు ఒక్కరే ఉంటరు. మీకు టైముంటది. సంసారాలున్నోళ్లకు ఏడ టైముంటది చెప్పండ్రి?"

టైము లేనివాళ్లు రోజుకు నాలుగు గంటలు టీవీ ముందు ఎలా కూర్చుంటారని నోటి చివరి దాకా వచ్చింది. మింగేసి వచ్చింది. మరునాడు పంతం కొద్దీ మళ్లీ కుర్చీలు దించింది. ఆ మరునాడు కూడా.

మూడో రోజు ఆమె గేటు తీసుకుని వస్తుంటే మొగిలయ్య ఎదురొచ్చాడు. తలకు చుట్టిన తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అమ్మా, ఒక్క మాట. మీరు జర కిందికి రాకుండ్రి."

"నువ్వు కూడ అంటున్నవా మొగిలయ్యా?"

"సార్లు పిలిచిండ్రు. ఇంకోపారి మనుషులు కూడితె వేరే వాచ్‌మన్‌ను తెచ్చుకుంటమన్నరు."

"నేను పోయి చెప్త. నీ తప్పేం లేదని."

"చెప్పకుండ్రి. మీరు చెప్తె మళ్ల నా మీదికే వస్తది. మీకేమున్నది అమ్మా, కిరాయి కట్టెటోళ్లు. మా ఇల్లు, నౌకరి రెండు గిదే."

ఆ సాయంత్రం కుర్చీలు ఇంట్లోనే ఉన్నాయి. ఒకదాంట్లో తను కూర్చుని రెండోదాని వైపు చూస్తూ ఉంది. కింద ఆశమ్మ గొంతు వినిపించింది, వెంటనే మొగిలయ్య ఆమెను కసిరి పంపడం వినిపించింది. ఆ రాత్రే ఆమె దీవిలోని హెడ్‌మాస్టర్‌కు ఉత్తరం రాసింది. నవంబరు చివర్లో జవాబొచ్చింది. జనవరిలో స్కూలు తెరుస్తారు, లెక్కలకు మనిషి కావాలి, రండి అని.

ఆ కాగితం పట్టుకుని గాంధీనగర్ వెళ్లింది. వదిన అంబిక తలుపు తీసి, "ఫోన్ చేసి రావాలె గద వేదా, మేం బయటికి పోయి ఉంటె?" అంది. అన్న సీరియల్ చూస్తున్నాడు. ప్రకటనలు వచ్చేదాకా ఆమె ఆగింది.

"మళ్ల పోతున్ననన్నా. జనవరిల."

"ఎక్కడికి?"

"అక్కడికే."

రామచంద్రరావు ఆశ్చర్యపోలేదు. ఉత్తరం చేతిలోకి తీసుకుని పైనుంచి కిందికి చూశాడు. "ఎంతిస్తరంట?"

"ఇక్కడికంటె కొంచెం ఎక్కువ. దానికోసం కాదు."

"మరి దేనికి?"

ఆమె దారి పొడుగునా చెప్పాల్సినవన్నీ మనసులో పేర్చుకుంది. సర్వపిండి సంగతి, శ్రావణ శుక్రవారం సంగతి, గోడ మీది కాగితం సంగతి. తీరా నోరు తెరిస్తే అన్నీ చిల్లర విషయాల్లా అనిపించాయి. "ముచ్చట కోసం," అంది.

అన్న నవ్వాడు. వదిన కూడా నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆపుకుంది.

"ముచ్చట కోసం దేశమిడిచి పోతరా ఎవరన్న? ఇంత పెద్ద సిటీల నీకు మాట్లాడ మనిషే దొరకలేదా?"

"నువ్వే రాసినవు గద, మనోళ్ల నడుమ ఉండాలె అని. నేనొచ్చిన. మనోళ్లేరి? పది నిమిషాల దూరంల ఉండి ఇన్ని నెలలల రెండుసార్లొచ్చినవు. రెండుసార్లు కాయితాల కోసమే."

"పనులుంటయ్ వేదా. నువ్వేమన్న పరాయిదానివా, రోజు వచ్చి మర్యాదలు చేసెతందుకు?"

"పరాయిదాన్నయితెనే నయముండె."

"జిద్దు చేయకు. నలుగురడిగితె నేనేం చెప్పాలె?"

"ఇదే చెప్పు."

"ఇది చెప్తె నీకు పిచ్చి లేచిందంటరు. పైసల కోసం పోతున్నదనే చెప్త. అదయితె ఎవ్వరికన్న సమజయితది." ప్రకటనలు అయిపోయాయి. ఆయన కళ్లు టీవీ వైపు తిరిగాయి. వేదవతి చెప్పులు వేసుకుంటుంటే వదిన మాత్రం గుమ్మం దాకా వచ్చి, "చాయ్ తాగి పోవద్దా?" అంది.

రామచంద్రరావు అన్నంత పనీ చేశాడు. టీచరమ్మ బాగా సంపాదించడానికి విదేశం పోతోందన్న మాట ఆ నోటా ఈ నోటా పాకి డిసెంబరు రెండో వారానికి అపార్ట్‌మెంట్ అంతటికీ తెలిసింది. అప్పుడు మొదలైంది. తలనొప్పి ఆవిడ వచ్చింది. చాయ్ తాగని ఆయన భార్యతో సహా వచ్చి రెండు కప్పులు తాగాడు. ఒకరికి కెమెరా కావాలి, ఒకరికి సెంటు సీసాలు. ఒకాయన తమ్ముడి కొడుకు సర్టిఫికెట్ల జిరాక్సులు కవర్లో పెట్టి తెచ్చాడు. ఒక శనివారం ఆమె పదకొండుసార్లు చాయ్ పెట్టింది. ఇంట్లో కూర్చోవడానికి చోటు లేక మనుషులు మంచం మీద సర్దుకున్నారు.

స్వరూప మురుకులు చేసి తెచ్చింది. గంటన్నర కూర్చుంది. తన అత్తగారు మొదటిసారి లిఫ్టు ఎక్కినప్పటి సంగతి చెబుతుంటే గదిలో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. వేదవతి కూడా నవ్వింది. నవ్వుతూనే లోపల కోపం రగిలింది. ఇంత చక్కగా మాట్లాడే మనిషి పది నెలలుగా నాలుగడుగుల దూరంలోనే ఉంది. అందరూ వెళ్లాక స్వరూపను ఆపింది.

"ఇన్ని దినాలు ఎందుకు రాలేదు స్వరూపా?"

స్వరూప నిజంగానే ఆలోచించింది. "ఏం పని మీద రావాలె టీచర్ గారూ? ఊరికెనే వస్తె మీకు డిస్టర్బ్ అనుకున్న."

వేదవతి ఖాళీ కప్పులు ఏరడం మొదలుపెట్టింది.

అందరూ వచ్చారు గానీ కురుమమ్మ పైకి రాలేదు. బయలుదేరే ముందురోజు వేదవతే కిందికి దిగింది. కురుమమ్మ గది ముందు బట్టలు పిండుతోంది. తల ఎత్తలేదు.

"పోతున్నవంట గద."

"రేపు పొద్దున్నె. త్రివేండ్రం దాక రైలు, ఆడికెల్లి విమానం."

"మంచిగనే ఉన్నది. పెద్దోళ్లకు అన్ని మంచిగనే ఉంటయ్. మనసైతె కూసుంటరు, కాకుంటె ఇమానమెక్కుతరు."

"గట్లనకు కురుమమ్మా. నువ్వే చూసినవ్ గద, నేనిక్కడ ఎట్లున్ననో."

"నేనెట్లున్ననో నువ్వు చూసినవా?" కురుమమ్మ చీరను గట్టిగా మెలిపెట్టి నీళ్లు పిండింది. "నువ్వు రాకముందు నా పని నేను చేసుకుంట ఉంటి. నువ్వొచ్చి రోజు గంట కూసోవెట్టి అలవాటు జేసినవ్. మా ఆయనతోని తిట్లు తినిపిచ్చినవ్. ఇప్పుడు నువ్వు పోతవ్. నేనెటు పోవాలె?"

"ఉత్తరం రాస్త."

"ఎవలు సదువుతరు నాకు?"

"స్వరూపకు రాస్త. ఆమె చదివి చెప్తది. నేను చెప్పి పోత."

"ఆమెనా!" అని కురుమమ్మ బకెట్ ఎత్తుకుని లేచింది. రెండడుగులు వేసి ఆగి, "రాయి. సూద్దం," అంది.

దీవి చేరిన వారానికే వేదవతి ఉత్తరం రాసింది. కురుమమ్మకు చెప్పినట్టే, చిన్న చిన్న మాటల్లో రాసింది. సముద్రం సంగతి, పడవలో తనకు వాంతులైన సంగతి, షరీఫాకు మనవరాలు పుట్టిన సంగతి. కవరు స్వరూప పేరు మీద పంపింది. ఫిబ్రవరి గడిచింది. మార్చిలో ఇంకోటి రాసింది. సాయంత్రాలు పూర్వంలాగే నలుగురి మధ్య గడుస్తున్నాయి. పడవ వచ్చిన రోజు మాత్రం స్కూలు వదలగానే ఉత్తరాలు పంచేచోటికి వెళ్లి నిలబడేది.

ఏప్రిల్ చివర్లో జవాబు వచ్చింది. స్వరూప చేతిరాత గుండ్రంగా, అందంగా ఉంది. అందరూ క్షేమమని, ఎండలు ముదిరాయని, కరెంటు రోజుకు నాలుగు గంటలు తీస్తున్నారని రాసింది. చివర్లో ఇలా ఉంది: "మొగిలయ్య వాళ్లు శివరాత్రికి ముందే వెళ్లిపోయారు. మీ మొదటి ఉత్తరం నేను రేపు మాపు అనుకుంటూ చదివి చెప్పలేదు. రెండోది వచ్చేసరికి వాళ్లు లేరు. ఎక్కడికి వెళ్లారో ఇక్కడ ఎవరికీ తెలియదు. రెండూ నా దగ్గరే దాచాను."

వేదవతి ఆ కాగితాన్ని మడవలేదు, చింపలేదు. చేతిలో పట్టుకుని దబదబా నడుచుకుంటూ షరీఫా ఇంటి ముందుకు వచ్చి తాళ్ల కుర్చీలో కూలబడింది. షరీఫా మనవరాలిని ఊపుతోంది. ఇంకో ముగ్గురు ఆడవాళ్లు ఉన్నారు. మొహం చూసి ఏమైందని ఒకేసారి అడిగారు.

ఆమెకు వాళ్ల భాష సగమే వచ్చు. కోపంలో ఆ సగం కూడా తడబడింది. ఒక మనిషి ఉండేదని, మెట్ల పక్క గదిలో ఉండేదని, తనకు స్నేహితురాలని చెప్పింది. మెట్లు దిగితే ఇరవై అడుగులు, ఆ ఇరవై అడుగులు దిగి ఒక్క ఉత్తరం చదవడానికి ఒక మనిషికి నెల రోజుల్లో తీరిక దొరకలేదని చెప్పింది. ఆ ఇంట్లో ఏళ్ల తరబడి మెట్లు కడిగినవాళ్లు ఎటు పోయారో ఒక్కరూ అడగలేదని కూడా చెప్పింది. వాళ్లు అడ్డు రాకుండా విన్నారు. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టారు. ఆమెకు పిల్లలెందరు? ఇద్దరు, ఊళ్లో నాయనమ్మ దగ్గర ఉన్నారు. మొగుడు మంచివాడేనా? మంచివాడే, భయస్తుడు. నవ్వుతుందా? బాగా నవ్వుతుంది, మాట మాత్రం కటువు. దారిన పోతున్న ఇంకో ఇద్దరు ఆగి కూర్చున్నారు. ఎన్నడూ చూడని కురుమమ్మ గురించి ఆ పూటంతా మాట్లాడారు.

"సొంత ఊరికే వెళ్లి ఉంటుంది," అంది షరీఫా. "ఊరికి రాయి. ఊరి పేరేమిటి?"

వేదవతి నోరు తెరిచింది. పాలమూరు దిక్కు అని తెలుసు. అచ్చంపేట బస్సెక్కి, దిగి ఇంకా నడవాలని తెలుసు. వానలు లేవని, బావి ఎండిందని, అత్తకు చూపు ఆనదని తెలుసు. రెండు నెలలకు పైగా రోజూ పక్కన కూర్చుని ఎన్ని మాటలు మాట్లాడిందో లెక్కలేదు. ఊరి పేరు మాత్రం ఎప్పుడూ అడగలేదు.

"పాలమూరు దిక్కు. ఊరి పేరు తెలియదు," అంది.

షరీఫా అర్థం కానట్టు మళ్లీ అడిగింది. వేదవతి మళ్లీ అదే మాట చెప్పింది. ఈసారి గొంతులోని కోపం స్వరూప మీద కాదు. ఆడవాళ్లలో పెద్దావిడ, ఆ పాలమూరు దీవి చిన్నదైతే పేరు రాసి పంపినా చాలు, ఎవరో ఒకరు ఇస్తారులే అని ధైర్యం చెప్పింది.